ట్రాలీ టైర్ల జీపులో వనపర్తికి

మా వీధిలో ఒక యువకుడు మొన్న కొత్త కారు తెచ్చుకున్నాడు. నిమ్మకాయలు తొక్కించి, కొబ్బరికాయ కొట్టి, నేరుగా మా ఇంటి ముందుకు తెచ్చి ఆపాడు. రవాణా శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ని కదా, నాలుగు మంచి మాటలు చెబుతానని ఆశ. టైరు దగ్గర గొంతుక్కూర్చుని దాని పక్క గోడ మీద వేలు పెట్టి చూపించాడు. "అంకుల్, గిది హెచ్ రేటింగ్. రెండు వందల పది దాకా కొట్టొచ్చు. షోరూమోళ్లే చెప్పిన్రు."

నా కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. "యాడ కొడ్తవు? వనపర్తి నుంచి పెబ్బేరు దాకనా? సంతకొచ్చే ఎద్దులు నీకు దారిస్తయా?" అన్నాను. అతను నవ్వాడు. లోపలి నుంచి మా ఆవిడ, "కొత్త బండి తెచ్చుకున్న పిల్లగాన్ని గట్ల కసురుకుంటరా?" అని నన్నే కసురుకుంది.

ఆ రోజు అతనికి సరిగ్గా చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను, అతనికీ, అతనిలా టైరు మీది అక్షరాన్ని చూసి మీసం తిప్పే మిగతా వాళ్లకూ.

టైరు మీద సైజు అంకెలు అయిపోయాక ఇంకో అంకె, దాని వెంట ఒక అక్షరం ఉంటాయి. ఆ అంకె టైరు ఎంత బరువు మోయగలదో చెబుతుంది. అక్షరమేమో, ఆ బరువు మోస్తూ ఎంత వేగం దాకా వేడిని తట్టుకోగలదో చెబుతుంది. టీ అంటే నూట తొంభై, హెచ్ అంటే రెండు వందల పది, వీ అంటే రెండు వందల నలభై. హెచ్ వరుస తప్పి యూకీ వీకీ మధ్య ఎందుకు దూరిందని నన్ను అడగకండి. మా ట్రైనింగులో నేనూ అడిగాను. "అదంతే, రాసుకో" అన్నారు.

టైరు తిరిగేటప్పుడు నేలకు ఆనిన చోట నొక్కుకుంటుంది, పైకి రాగానే మళ్లీ సర్దుకుంటుంది. ఆ నొక్కుడులో వేడి పుడుతుంది. వేగం పెరిగినా, గాలి తగ్గినా, జనం ఎక్కువెక్కినా వేడి పెరుగుతుంది. లోపల పొరలను అంటిపెట్టుకున్న పట్టు ఆ వేడికి కొంచెం కొంచెం వదిలిపోతుంది. ఒకరోజు టైరు ఢామ్మంటుంది. అక్షరం చెప్పేది టైరు ఓర్పు సంగతి, డ్రైవరు మగతనం సంగతి కాదు. మే నెలలో మా పాలమూరు రోడ్ల మీద ఆ ఓర్పులో కొంత ఎండే తినేస్తుంది, మిగిలిందే మనకు.

ఇదంతా నాకు పుస్తకంలోనే తెలుసు. ఒంటికి పట్టింది మాత్రం గద్వాలలో, ఒక పాత జీపు వల్ల, అందులో కూర్చున్న ఒక ముసలమ్మ వల్ల.

మా కొలువు పేరు మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్. ఆ పేరుతో అడిగితే మావైపు ఎవరూ మా ఇల్లు చూపించరు, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అనాలి. నాగర్‌కర్నూలులో కొన్నేళ్లు, వనపర్తిలో కొన్నేళ్లు చేశాక చివరి పోస్టింగు గద్వాలలో పడింది. ఊరి బయట ఒక బోడి మైదానం మా పరీక్షాస్థలం. నీడ అంటే ఒక రేకుల షెడ్డు, అది కూడా పదకొండు దాటితే పెనంలా కాలేది. కిరాయికి తిరిగే ప్రతి బండీ గడువు తీరేలోపు అక్కడికొచ్చి ఫిట్‌నెస్ చూపించుకోవాలి. బ్రేకు తొక్కించి, లైట్లు వేయించి, టైరు గీతల లోతు చూసి, బాగుంటే బాగుందని రాస్తాం.

అసిస్టెంటుగా ఒక అమ్మాయి ఉండేది. నాగర్‌కర్నూలు పిల్ల, ఇంజనీరింగ్ చదివి కొత్తగా చేరింది. నేను అరిచే చోట ఆమె నవ్వేది. నేను నవ్వే చోట అనుమానంగా చూసేది. పొద్దున రాగానే గుడ్ మార్నింగ్ బదులు "సార్, బీపీ గోలి ఏసుకున్నరా?" అని అడిగేది. వేసుకోలేదంటే ఆ రోజు కష్టమైన బండ్లన్నీ తన వైపే పంపించుకునేది.

ఆ రోజు మే నెల చివర. బడులు తెరిచేలోపు స్కూలు బస్సులన్నీ మా దగ్గరికి రావాలి కాబట్టి మైదానమంతా పసుపుపచ్చ బస్సులే. పైగా పెళ్లిళ్ల కాలం. ఒక బస్సు డ్రైవరును, హ్యాండ్‌బ్రేకును సోకుకు పెట్టుకున్నావా అని నిలదీస్తుంటే అసిస్టెంటు పిలిచింది.

"సార్, జర ఇటు రాండ్రి. ఈ జీపు ఎనక టైర్ల మీద అక్షరం వింతగున్నది. ఏ పక్కన ఎనిమిది. గిసొంటిది నేను యాడ సూడలే."

వెళ్లి వంగి చూశాను. ఆ పిల్ల సరిగ్గానే చదివింది. "నువ్వు చూడవమ్మా, చూడగూడదు కూడా. ఏ8 అంటే గంటకు నలభై కిలోమీటర్లు. ఇవి ట్రాక్టర్ ట్రాలీకి వేసే టైర్లు" అన్నాను. ఆ పాత జీపు రిమ్ముకూ చిన్న ట్రాలీ రిమ్ముకూ సైజు ఒకటే కావడంతో ఎక్కించేశారు.

జీపు ఓనరూ డ్రైవరూ ఒకరే, గద్వాల భాయి. ఒకప్పుడు గద్వాల నుంచి గట్టు అనే ఊరి దాకా షేర్ జీపు నడిపేవాడు. ఆటోలు వచ్చి జనాన్ని ఎత్తుకుపోయాక, డయాలసిస్ పేషెంట్లను వనపర్తి దవాఖానకు తీసుకుపోయి తెచ్చే పని పట్టుకున్నాడు. వాళ్లకు మిషను వంతు వనపర్తిలో దొరికింది మరి. ఆ పొద్దున కూడా ముగ్గురు పేషెంట్లు జీపులోనే ఉన్నారు. ఫిట్‌నెస్ గడువు ఆ రోజుతోనే తీరుతోంది, దారిలో ఒక ముద్ర కొట్టించుకుని పోదామని అతని లెక్క.

"కొత్తయి సార్! గోటితోని గీకుండ్రి, దిగదు. గింత మందం టైరు మీరు ఏ కారుకైనా చూసిన్రా?" అన్నాడు భాయి గర్వంగా.

"ఆ మందమే చంపేది. మందం రబ్బరులో పుట్టిన వేడి బయటికి పోదు. హైవే మీద ఎంత మీద పోతవు?"

"ఎనబై సార్. ఖాళీగుంటే తొంబై. ఆల్సమైతే మిషిన్ వంతు పోతది గద."

నాకు ఒళ్లు మండిపోయింది. నలభై టైరు మీద తొంభై! అందులో ముగ్గురు రోగులు! నోటికొచ్చినట్టు అరిచాను. అసిస్టెంటు నన్ను పక్కకు పిలిచి మెల్లగా అంది, "సార్, గీతల లోతు మస్తున్నది, బ్రేకు మంచిగున్నది. మనం చూసే వాటిల ఇది యాడ ఫెయిలు?" నన్ను ఎదిరించడానికి కాదు, తెలుసుకోవడానికే అడిగింది. నిజమే, మేం రోజూ చూసేవాటిలో ఆ అక్షరం లేదు. "లోతు కొలిచేది మనిషి బతకాలనే గదమ్మా. ఇదీ అందుకే" అన్నాను. ఆమె తల ఊపి, జీపు కాగితాలు పక్కన పెట్టేసింది.

అప్పుడు జీపు వెనక తలుపు తెరుచుకుంది. ముసలమ్మ ఒకామె దిగింది. బక్కపలచని మనిషి. పాదాలు మాత్రం ఉబ్బి ఉన్నాయి. ఎడమ చేతి మీద, సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసిన చోట నరం లావుగా తేలి కనిపిస్తోంది.

"ఏంది సారూ, గంతగనం మొత్తుకుంటున్నవు? మమ్ముల్ని పోనియ్యవా?"

"నిన్ను బతికించడానికే మొత్తుకుంటున్ననమ్మా."

"నన్ను బతికిచ్చేది ఆ మిషిను. దానికాడికి పోనియ్యి, సాలు."

కిడ్నీలు చెడిపోయినవాళ్ల సంగతి తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఆ మిషను రక్తాన్ని శుభ్రం చేసి ఒంట్లో చేరిన నీటిని తీసేస్తుంది. వంతు తప్పితే ఆ నీరు ఊపిరితిత్తులకెక్కి మనిషి ఊపిరాడక తన్నుకుంటాడు. ఆమెకు అంతకుముందు వంతు ఒంట్లో బాగాలేక తప్పిపోయిందట. ఇది కూడా తప్పితే ఏమవుతుందో అక్కడున్న అందరికీ అర్థమైంది. ఆపితే మిషను అందదు. పంపితే టైరు నిలవదు.

వేరే బండి కోసం ఫోన్ల మీద ఫోన్లు చేశాం. పెళ్లిళ్ల ముహూర్తం, గద్వాలలో ఒక్క కారు ఖాళీ లేదు. మా ఆఫీసు బండి పై అధికారిని ఎక్కించుకుని హైదరాబాదు పోయింది. బస్సు ఎక్కిద్దామంటే ముసలమ్మ మెట్టు మీద కాలు పెట్టలేదు. అంబులెన్సు వాళ్లు యాక్సిడెంటు మీద పోయారు, ఎప్పుడొస్తారో చెప్పలేమన్నారు. మైదానం నిండా స్కూలు బస్సులున్నాయి, ఒక్కదానికీ ఫిట్‌నెస్ లేదు! పోనీ టైర్లు మారుద్దామంటే ఆ పాత సైజు గద్వాలలో దొరకలేదు. ఒక షాపతను వాకబు చేసి, వనపర్తిలో రెండున్నాయని చెప్పాడు.

కాసేపు రేకుల కింద నిలబడి ఆలోచించాను. పాత ఫిట్‌నెస్ ఆ రోజు ముగిసేదాకా చెల్లుతుంది. నలభై లోపల పోయినంతసేపు ఆ టైర్లు చేసేది కూడా వాటి పనే. భాయి వైపు తిరిగాను.

"హైవే మీద వద్దు, ఎనక నుంచి లారీలు గుద్దుతయ్. జూరాల మీదికెళ్లి ఆత్మకూరు దారి పట్టు. నలభై దాటొద్దు. దాటవన్న నమ్మకం నాకు లేదు, అందుకని ముందు సీట్ల నేను కూసుంట."

భాయి ముఖం మాడిపోయింది. "బ్రేక్ ఇన్‌స్పెక్టర్ పక్కన కూసుంటే నాకు గేరే పడదు సార్!"

"మంచిదే. గేరు పడకుంటే స్పీడు పోవు."

అసిస్టెంటు పకపకా నవ్వింది. "బస్సులన్నీ నేను చూసుకుంట, మీరు పోండ్రి సార్. దవాఖానోళ్లకు నేను ఫోన్ చేసి వంతు ఆపమంట. మీరైతే లోపల అరవకుండ్రి, పేషెంట్లున్నరు." సంచిలోంచి తన నీళ్ల సీసా తీసి నా చేతికిచ్చింది.

అట్లా బయల్దేరాం. వెనక ముసలమ్మ, ఆమె ఊరివాడే అయిన ఒక నడివయసు రైతు, పొద్దున మల్దకల్ దగ్గర ఎక్కిన ఒక దర్జీ. రైతుకు నోట్లో నాలుక లేదు. దర్జీకేమో నాలుక ఆగదు. నలభైలో పోవడమంటే ఏమిటో నాకప్పుడు తెలిసింది. జూరాల కట్ట దాటేలోపే ఆటోలు దాటాయి, మోపెడు మీద కోళ్ల బుట్టలు కట్టుకున్న ముసలాయన దాటాడు. వెనక 'నిదానమే ప్రధానం' అని రాసుకున్న లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ దాటిపోయింది. చివరికి ఇసుక ట్రాలీ కూడా! అవే టైర్లు, మమ్మల్ని దాటుతూ ట్రాక్టరు డ్రైవరు జాలిగా చూశాడు.

"సార్, మనకంటె ఎనక ఇంక ఎవరన్న ఉన్నరా?" అని దర్జీ అడిగాడు.

"నీకు బట్టలు కుట్టనీకి ఇచ్చినోళ్లున్నరు" అంది ముసలమ్మ.

ఆ టైర్లు ఎందుకు వేశాడో అప్పుడు అడిగాను. భాయి రోడ్డు మీంచి కళ్లు తిప్పకుండా చెప్పాడు. ముసలమ్మ ఊరికి గట్టు రోడ్డు మీంచి ఒక మట్టి బాట ఉంది. ఇరుపక్కలా చేన్లకు తుమ్మకంప నరికి కంచెలు వేస్తారు. గాలికి కంప బాట మీద పడుతుంది. వారం తప్పకుండా పంచరే. చలికాలంలో ఒకరోజు రెండు టైర్లు ఒకేసారి దిగిపోయాయి, స్టెప్నీ ఒకటే ఉంది. ఆ బాట మీదే ఈ రైతు ఊపిరి అందక కళ్లు తేలేశాడు.

"నేను ఆయన తల ఒళ్లె పెట్టుకోని కూసున్న సార్. రోడ్డు కనబడుతుంది, పోనీకి రాదు. మోటరు సైకిలోళ్లు వచ్చి ఎత్తుకపోతే బతికిండు. ఇంటికొచ్చి అన్నం తినలే ఆ రోజు. ముండ్లు దిగని టైరు కావాలె, గంతే అనుకున్న."

"టైర్లు నేనే ఇప్పిచ్చిన సారూ," వెనక నుంచి ముసలమ్మ గొంతు. "భాయినేమనకు. దవాఖాన నుంచి తిరిగొచ్చేటప్పుడు పెబ్బేరు సంతల బండి ఆపిచ్చిన. మా ఆయన ఉన్నప్పుడు మాకు టైరు బండి ఉండె. దానికి టైరు ఏరుడు నా పనే. బొటనేలు పెట్టి ఒత్తి సూస్త, పిడికిలితోని గుద్ది సూస్త. లోపలికి పోకుంటే మంచిది. సంతల ఉన్నవాట్ల గివే గట్టియి."

సంతలో ఎడ్ల బండ్ల సామాను అమ్మే చోట తాళ్లూ, చెర్నాకోలలూ, పక్కనే ట్రాలీ టైర్లూ ఉంటాయి. మావైపు రైతులు టైరును ఎద్దును చూసినట్టే చూస్తారు. మందం ఉండాలి, చేతికి గట్టిగా తగలాలి, ముల్లు దిగకూడదు. ఎడ్ల బండికి అది సరైన లెక్కే, ఆమె తప్పేం లేదు. ఒక గండం గడవడానికి ఇంకో గండాన్ని కొని తెచ్చుకున్నారు. నా కోపం ఎటు పోయిందో పోయింది.

ఆత్మకూరు ఇంకా కొంత దూరం ఉందనగా ముసలమ్మకు ఆయాసం మొదలైంది. మాట్లాడటం ఆపేసింది. దర్జీ ఆమె వీపు నిమురుతున్నాడు. రైతు తన తువ్వాలతో విసురుతున్నాడు. భాయి కాలు బరువెక్కింది. స్పీడు యాభై దాటడం చూశాను.

"తగ్గియ్యి."

"సార్, అవ్వకు దమ్ము ఆడతలేదు! జర తొక్కనీయుండ్రి, మీ కాళ్లు మొక్కుత. ఖాళీ రోడ్డు సార్!"

ఎదురుగా రోడ్డు నిజంగానే ఖాళీగా, తిన్నగా ఉంది. తొక్కమని చెప్పడం ఎంత సులువో! నా నోటి దాకా వచ్చింది కూడా. "పక్కకు ఆపు" అన్నాను.

దిగి వెనక టైరు మీద అరచెయ్యి పెట్టాను. పెట్టినంత వేగంగా తీసేశాను. ఎండకే రోడ్డు కాలుతోంది, దాని మీద ఈ వేడి. రెండో వైపు టైరుకు పక్క గోడ మీద నిమ్మకాయంత ఉబ్బు తేలింది. భాయిని పిలిచి చూపించాను. స్టెప్నీ వేద్దామంటే అది ముల్లు దిగి గాలి లేకుండా ఉందన్నాడు.

ముసలమ్మ కిటికీలోంచి చూస్తోంది. ఆమెకు చెప్పాలి. అంకెలు చెప్పాను, అక్షరం చెప్పాను, నలభై అన్నాను, తొంభై అన్నాను. ఆమె కళ్లలో ఏమీ కదలలేదు. నేను చెప్పడం ఆపేసి ఉబ్బు వైపు చూపించి, "అలసిపోయిందమ్మా" అన్నాను.

ఆమె ఊపిరి కూడదీసుకుని అంది, "గివి మోత ఎడ్లు గద సారూ. మోస్తయ్. నేను తెచ్చి పందానికి ఉరికిచ్చిన." ఇంకాసేపు ఊపిరి తీసుకుంది. "నడువనీ భాయి. ఎద్దు ఎంత నడుస్తదో గంతనే నడిపియ్యాలె. ఉరికిస్తె బండి బోర్లపడ్తది, మా ఊరాయన్ని, దర్జీని కూడ సంపుత. నేను ఓర్సుకుంట."

నేను ఇన్నేళ్లు ట్రైనింగ్ క్లాసుల్లో చెప్పినదాన్నంతా ఆమె రెండు మాటల్లో తేల్చేసింది. బరువు మోసే గుణం వేరు, పరిగెత్తే గుణం వేరు, అంతే సంగతి. టైరుకు నీళ్లు కొట్టకూడదు, కాబట్టి చల్లారేదాకా ఆగాం. తర్వాత ముప్పైలో పోయాం. ఆత్మకూరు దాటాక మళ్లీ ఆగాం. దారి పొడుగునా భాయి పెదవులు కదులుతూనే ఉన్నాయి, దువా చదువుకుంటున్నాడు. నాకు గుర్తొచ్చిన దేవుళ్లందరినీ నేనూ తలుచుకున్నాను. వెనక్కి తిరిగి ఆమెను చూడ్డానికి నాకు ధైర్యం చాలలేదు. చెవులు మాత్రం ఆమె ఊపిరి మీదే ఉన్నాయి.

వనపర్తి దవాఖాన గేటు దగ్గర స్ట్రెచర్ సిద్ధంగా ఉంది. మిషను చూసే కుర్రాడు, "మీ మేడం ఫోన్ మీద ఫోన్ చేసి మమ్ముల్ని కూసోనియ్యలే. ఇంకొకాయన్ని ముందల పెట్టి ఈమె వంతు ఆపినం" అన్నాడు. ముసలమ్మను లోపలికి తీసుకుపోయారు. ఆక్సిజన్ పెట్టి, మిషనుకు కలిపాక, ఊపిరి నెమ్మదించిందని వచ్చి చెప్పాడు. గోడకు ఆనుకుని కూర్చున్నాను.

వాళ్లు మిషను మీద ఉండగా భాయీ నేనూ మెల్లగా టైరు షాపుకు పోయాం. ఉబ్బిన టైరును విప్పి, షాపతను లోపలి వైపు తిప్పి చూపించాడు. పొరలు విడిపోయి ఉన్నాయి. సందులో వేలు పెడితే దూరింది. భాయి అక్కడే నేల మీద కూలబడ్డాడు. "యా అల్లా! పోయిన వారం కృష్ణ బ్రిడ్జి మీద తొంబైల పోయిన సార్. ముగ్గురు లోపల నిద్రపోతుండిరి." అతని భుజం మీద చెయ్యి వేసి పక్కనే కూర్చున్నాను.

షాపతను తెచ్చిన టైర్ల మీద ఎల్ అని ఉంది. అంటే నూట ఇరవై. భాయి కళ్లు తుడుచుకుని, "హెచ్ లేదా సార్? పెద్దది ఏస్త" అన్నాడు. "నీ జీపును కొండ మీంచి తోసినా నూట ఇరవై పోదు. బండికి చాలినంత ఉండాలె, బరువుకు చాలినంత ఉండాలె. అంతకంటే పెద్ద అక్షరం నీకు పొగరు" అన్నాను. అప్పుడు నవ్వాడు.

పొద్దు వాలేవేళకు ముసలమ్మ బయటికొచ్చింది. ముఖం తేటగా ఉంది. నడిచి వచ్చి, నేరుగా వెనక టైరు దగ్గర ఆగి, బొటనవేలితో ఒత్తింది.

"మెత్తగున్నయ్."

"మెత్తగుంటేనే వేడి చేరదమ్మా."

"సరే సారూ, గని ముండ్లు?"

ఏ అక్షరమూ ముల్లు గురించి చెప్పదు. అదే మాట ఆమెతో అన్నాను. ఆమె జీపెక్కి సర్దుకుని కూర్చుంది. "నీ పని నువ్వు జేసినవు. ముండ్ల సంగతి నేను సూసుకుంట" అంది. మర్నాడు భాయి జీపును మళ్లీ తెచ్చాడు. అసిస్టెంటు నాలుగు టైర్ల మీది అక్షరాలూ, స్టెప్నీ మీదిదీ చదివాకే ఫిట్‌నెస్ రాసింది. ఆ తర్వాత మా మైదానానికి వచ్చిన ప్రతి బండికీ ఆ పిల్ల అట్లాగే చదివేది.

కొన్నాళ్లకు భాయి చెబితే తెలిసింది. ముసలమ్మ వంతు రోజు పొద్దున్నే బాట మొదట్లో మంచం వేయించుకుని కూర్చుంటుందట. కంచెల వాళ్లను పేరు పేరునా పిలిచి కంప వెనక్కి లాగించిందట. వాడలో ఆడవాళ్లు తలా కొంత దూరం పంచుకుని బాట ఊడుస్తారట. ఎవరైనా సణిగితే, "రేపు నీ కిడ్నీలు పోవా?" అని అడుగుతుందట. పంచర్లు ఆగిపోయాయని భాయి సంబరంగా చెప్పాడు. ఇంత సులువైన సంగతి మాలో ఒక్కరికీ తోచనందుకు నాకు నవ్వొచ్చింది.

నేను రిటైరైన తర్వాత ఒక పొద్దున భాయి ఫోన్ చేశాడు. అవ్వ తెల్లారుజామున ఇంట్లోనే కన్నుమూసింది, గుండె ఆగిపోయిందట. అసిస్టెంటుకు కూడా చెప్పాను. ఇద్దరం నేను రిటైరయ్యాక కొన్న కారులో గట్టు వైపు బయల్దేరాం. ఆమె ఊరి బాట మీదికి తిరిగేటప్పుడు, ముల్లు దిగుతుందేమోనని కారు నెమ్మది చేశాను.

బాట అద్దంలా ఉంది. ఒక్క కంప పుల్ల లేదు. అప్పుడే చిమ్మిన చీపురు గీతలు మన్నులో కనిపిస్తున్నాయి. ఎదురుగా భాయి జీపు వచ్చి మా పక్కన ఆగింది. వెనక ఆ రైతు ఒక్కడే కూర్చుని ఉన్నాడు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఆయన్ని దవాఖానల దించి వస్త సార్. నేనొచ్చేదాక అవ్వకు మన్ను ఇయ్యొద్దని చెప్పిన" అని భాయి వెళ్లిపోయాడు.

ముసలమ్మ ఇంటి ముందు పాస్టరు ప్రార్థన చేస్తున్నాడు. చీపురు గోడకు ఆనించి, చేతులు కడుక్కుంటున్న ఒకామెను అడిగాను, "ఇయ్యాల కూడ ఊడ్చిన్రా అమ్మా?"

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "రాత్రే చెప్పింది సారూ. పానం మంచిగలేదు, రేపు నేను లేస్తనో లేవనో అన్నది. 'నేను లేవకున్న ఏడ్సుకుంట కూసోకుండ్రి. ముందుగాల బాట ఊడ్వుండ్రి, ఆయన మిషిన్ వంతున్నది, జీపు పోవాలె. నన్ను ఎత్తుడు జర ఆల్సమైనా ఏం గాదు' అన్నది. గందుకే ఊడ్చినంకనే ఏడ్చినం."

నేను అక్కడే, అందరి ముందూ, ఏడ్చాను. అసిస్టెంటు నా చెయ్యి పట్టుకుని నిలబడింది.